పాత యంత్రముల ఛాయాచిత్రములు: పరిష్కరణ ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఏదేని కావ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములను గురుముఖమున చదివినవాడను కాను. పగటి లెక్కలు ముగిసిన పిదప ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువును, వ్యాఖ్యానమును ప్రక్కన బెట్టుకొని చదువుకొన్నవాడను. అట్టివాడు పండితుల యెదుట కావ్యచర్చకు పూనుకొనుటకంటె, మన యూరికి వెంటనే పనికివచ్చు విషయమొకటి ఆ కావ్యవిద్య సాయముతో విచారించుట మేలని తోచినది. ఆ విషయము పాత యంత్రముల ఛాయాచిత్రములను దిద్దు పద్ధతి.

ఈ యుత్సవమునకై మన యువకులు చుట్టుప్రక్కల పల్లెలు తిరిగి పాత యంత్రముల ఫోటోలు తీసి, ప్రక్కగదిలో ప్రదర్శనముగా పెట్టినారు. మీరందరును చూచియున్నారు. బావిగట్టుమీది ఆయిలింజన్లు, వేరుశనగకాయలు ఒలుచు మిషన్లు, నూనెమిల్లు రోలర్లు, చెఱకు గానుగలు, ఒకప్పటి అచ్చుయంత్రము అందు గలవు. చాల వఱకు చక్కని పటములు. వీనిని గ్రంథాలయపు ఆస్తిగా శాశ్వతముగా భద్రపరుపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించినారు. మంచి నిశ్చయమే. కాని పెక్కు పటములను తీసినవి తీసినట్లు పెట్టలేదు; సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను దిద్ది పెట్టినారు. ఏది దిద్దుట, ఏది మార్చుట? గ్రంథాలయము దేనిని దాచవలెను? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

ఇనుప సామానుకు ఇంత విచారమేల యని కొంద ఱడుగవచ్చును. మన సీమలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానయు వేళకు రాదు. కనుక ఇచ్చట మనుష్యుని బ్రదుకంతయు భూమిలోని నీటిని పైకి తెచ్చు సాధనముమీద నిలిచినది. మొదట కపిల యుండెను. ఎద్దులు, మోకు, తోలుబాన, వానితోపాటు తోలువాని పాట. పిదప ఆయిలింజను వచ్చెను. తరువాత కరెంటు మోటారు. బావులెండిన తరువాత బోరు, దానిలో కంటికి కనబడని మోటారు. ఈ వరుసలో ఆయిలింజను కాలము ఒకటి రెండు తరములు మాత్రమే. నేడవి తూకమునకు అమ్ముడుపోయి, పాత ఇనుము కొనువారి బండ్ల కెక్కుచున్నవి. వ్రాసి పెట్టినవారు లేరు. కొన్ని యేండ్లకు ఈ పటములు తప్ప వాని జాడ యుండదు. పొలము చేతులు మారినను అడంగలు మిగులునట్లు, యంత్రము పోయినను పటము మిగులును. కావున ఇది వట్టి అలంకారము గాదు. ఊరి లెక్కలో ఒక పద్దు.

పాత యంత్రమునకు స్వభావము, శీలము అని యొకటి కలదా? కలదనియే నా యభిప్రాయము. ఉదాహరణమునకు లిస్టరు రకపు ఇంజనును చూడుడు. ఇంగ్లండు దేశములో డర్స్‌లీ యను పట్టణమున లిస్టరు కంపెనీవారు 1929 ప్రాంతమున దీనిని విడుదల చేసిరి. ఐదారు గుఱ్ఱముల శక్తి. నిమిషమునకు ఆఱువందలు, ఆఱువందల యేబది చుట్లు మాత్రమే తిరుగును. రెండు ప్రక్కల రెండు బరువైన చక్రములు. దీనిని పోలిన యింజన్లను మన దేశమున రాజ్‌కోట పట్టణములో విస్తారముగా చేసిరి. ఒకే అచ్చున పోసిన యింజన్లు వేలకొలది యున్నవి. అంగడిలో కొత్తవిగా నున్నప్పుడు ఒకదానికి మఱొకదానికి భేదము లేదు. ఇరువదేండ్లు ఒక బావిమీద పనిచేసిన తరువాత ఏ రెండును ఒకటి గావు. ఒకదాని హ్యాండిలు పిడి అరచేతి రాపిడికి వెండివలె మెఱయును. ఒకదాని నీళ్లతొట్టికి అతుకుమీద అతుకు. ఒకదానికి పోయిన బోల్టునకు మారుగా కట్టిన కడ్డీతీగ. ఒకదాని పాదుక్రింద చమురు త్రాగి నల్లబడిన మట్టి. యంత్రమునకు తనదైన ప్రాణము లేదు. దానిని వాడిన చేతులు దానిమీద విడిచిన గుర్తులే దాని శీలము. ఫోటోను దిద్దువాడు పైకి తేవలసినది ఆ గుర్తులనే. ఇదియే నా ప్రసంగమునకు మూలసూత్రము.

ఫోటోను దిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్యయని కొందఱు తలంతురు. అది నిజము గాదు. 1839లో ఛాయాచిత్రవిద్య లోకమునకు వెల్లడియైనది. కొలది కాలములోనే దిద్దుటయు మొదలైనది. గాజుపలకల నెగెటివుల కాలమున స్టూడియోలలో వార్నీషు పూసిన పలకమీద సన్నని పెన్సిలుతో ముఖమున మచ్చలు కప్పువారు. దానిని టచింగు అనిరి. ఆరవ నిజాము మహబూబలీఖాను కొలువున ప్రసిద్ధికెక్కిన రాజా దీన్‌దయాళు (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి ఛాయాచిత్రకారుడైనవాడు. ఆయన గాజుపలకలు నేటికిని వేలకొలది నిలిచియున్నవి. పిదప ఫిల్ములు వచ్చెను. చీకటిగదిలో పటము వేయునప్పుడు దీపమునకును కాగితమునకును నడుమ అరచేతిని ఆడించి, ఒకచోట వెలుగు తగ్గించి, మఱొకచోట ఎక్కువసేపు పడనిత్తురు. వెలుగు తక్కువ పడినచోటు తెల్లగాను, ఎక్కువ పడినచోటు నల్లగాను వచ్చును. నేడు ఫోనుమీద వ్రేలితో జరుపు మీటలన్నియు ఆ అరచేతి పనికి వారసులే. కావున దిద్దుట తప్పుగాదు. అసలు దిద్దనిదే ఇనుము పలుకదు కూడ. మన కన్ను ఎండను, నీడను ఒక్కసారి చూచి సరిపెట్టుకొనగలదు. కెమేరా అంత నేర్పరి గాదు. ఎండలో నిలిచిన నల్లని యింజనును తీసినచో ఆకాశము సున్నము కొట్టినట్లు, ఇంజను బొగ్గుముద్దవలె వచ్చును. ఆ ముద్దలోనుండి యంత్రమును వెలికి తీయుటయే పరిష్కరణము.

పరిష్కరణ మను మాట మనకు గ్రంథములద్వారా వచ్చినది. మన కదిరి ప్రాంతమున కటారుపల్లిలో వేమన సమాధి యున్నది. ఆ వేమన పద్యములను అచ్చు వేయించిన సి.పి. బ్రౌను (1798–1884) కడపలో పండితులను కూర్చుండబెట్టి, దేశమంతట నుండి తెప్పించిన వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పాఠభేదములు చూపించెను. 1829లో ఆయన వేమన పద్యముల సంపుటము వెలువడినది. లేఖకుడు జాఱవిడిచిన యక్షరమును సరిచేయుట పరిష్కరణము. కవి వ్రాయని పద్యమును తెచ్చి చేర్చుట ప్రక్షిప్తము. ఈ రెంటికిని నడుమనున్న గీటును చూచుటయే పరిష్కర్త విద్య.

మఱియొక పెద్దను తలంతును. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యానము చేసిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగునాటివాడు, మెదకు ప్రాంతమువాడు. ఆధారము లేనిదానిని చేర్చననియు, ప్రయోజనము లేనిదానిని పెంచననియు ఆయన తన వ్యాఖ్యలకు ముందే నియమము పెట్టుకొనెను. వ్యాఖ్య లేకున్న మావంటివారికి రఘువంశము తెలియదు. అట్లని మల్లినాథుడు కాళిదాసుమీద తన కవిత్వమును పూయలేదు. ఫోటోను దిద్దువాడు మల్లినాథుని వంటివాడు గావలెను. యంత్రమునందు గూఢముగా నున్నదానిని విప్పి చూపవలెను, లేనిదానిని తేరాదు.

ఇక పని యెట్లు చేయవలెనో చెప్పెదను. యువకులు సావధానముగా వినుదురుగాక.

మొదటిది నిలువు. చేతిలో కెమేరా వ్రాలినందున పటములో చక్రము, గొట్టము ఒరిగి కనబడును. దానిని నిలువునకు తేవలెను. ఒరిగినది యంత్రమే యైనచో దానిని ఒరిగినట్లే యుంచవలెను. గట్టు కుంగిన సంగతి దానిలో నున్నది.

రెండవది రంగు. సాయంకాలపు ఎండ పసుపుపచ్చగా నుండి తుప్పునకు లేని యెఱుపు తెచ్చును. తెల్లగా నుండవలసిన సున్నపుగోడ తెల్లగా కనబడువఱకు రంగును సరిచేసినచో తుప్పు తన సహజమైన రంగులో నిలుచును. కొత్త తుప్పు నారింజవన్నె, పాత తుప్పు కపిలవర్ణము, చమురు తగిలిన తుప్పు దాదాపు నలుపు. ఈ మూడును మూడు కాలముల కథలు. రంగు మీటను చివరిదాక జరిపినచో మూడును ఒకే కుంకుమయై కథ చెడును.

మూడవది నీడలను తెఱచుట. పోత ఇనుముమీద ఉబ్బెత్తుగా పోసిన కంపెనీ పేరు, ఇత్తడి రేకుమీది గుఱ్ఱపుశక్తి, నంబరు నీడలో మునిగియుండును. వానిని చదువ వీలగునంత వఱకే వెలుగు నీయవలెను. అంతకు మించినచో ఇనుము బూడిదవలె వెలవెలబోవును.

నాలుగవది మెఱుపు. హ్యాండిలు పిడి, బెల్టు ఒరసిన కప్పి, చేయి తగిలిన మీట, వీనియందలి కాంతి యెఱ్ఱతుప్పులో కలిసిపోకుండ నిలుపవలెను. ముందు చెప్పినట్లు శీలము అచ్చటనే యున్నది. పటమంతయు చీకటిచేసి గంభీరముగా నుండవలెనని చూచువారు మొట్టమొదట చంపునది ఈ మెఱుపునే.

ఐదవది తెలుపునలుపు. రంగు తీసివేయునప్పుడు ఏ రంగు ఎంత తెలుపుగా మారవలెనో నిర్ణయించు శక్తి దిద్దువాని చేతిలో నుండును. పూర్వము కటకము ముందు ఎఱ్ఱగాజు పెట్టి తీసెడివారు. అప్పుడు తుప్పు లేతగాను, నీలాకాశము నల్లగాను వచ్చును. నీలిగాజు పెట్టినచో తుప్పు నల్లబడును, ఆకాశము తెల్లబడును. నేటి యంత్రములలోను ఇదే సూత్రము. కావున నల్లని యాకాశము కనబడినంత మాత్రమున మబ్బు పట్టినదని నమ్మరాదు.

ఆఱవది పదును. ఇనుము గరుకుదనమును చూపుటకు అంచుల పదును పెంచుదురు. మితి మీఱినచో చక్రము చుట్టును తెల్లని అంచు దేవతల తలవెనుక వెలుగువలె పుట్టును. అది కనబడినవెంటనే వెనుకకు రావలెను.

కడపటిది, ఒక చిన్న సూత్రము. కటకముమీది ధూళిని తుడువవచ్చును. యంత్రముమీది ధూళిని తుడువరాదు. మొదటిది లేఖకుని దోషము, రెండవది కవి వాక్యము.

ఈ విద్య నేర్చినవారి పద్ధతులు పలువిధములు. జర్మనీ దేశమున బెర్న్‌డ్ బెహర్ (1931–2007), హిల్లా బెహర్ (1934–2015) అను దంపతులు 1959 మొదలుకొని మూతపడు గనుల గోపురములను, నీళ్లతొట్లను, కొలుములను ఏండ్ల తరబడి తీసిరి. మబ్బు కమ్మిన వెలుగులో, ఎదురుగా నిలిచి, ఏ యాడంబరమును లేక తీసి, ఒకే జాతివానిని వరుసగా ప్రక్కప్రక్కన పెట్టిరి. అట్లు పెట్టగా ఒక్కొక్క గోపురపు విశేషము దానంతట అదే కనబడినది. అమెరికా దేశమున లూయీస్ హైన్ 1920లో ఆవిరిపంపు మర బిగించుచున్న కార్మికుని తీసిన పటము ప్రసిద్ధము. అందు కార్మికుని నిలువబెట్టి తీసినాడు. వంగిన వీపు చక్రపు వంపుతో కలిసి యంత్రమునకు యజమాని యెవరో తెలియజేయును. ఒకరు మనుష్యుని లేకుండ, ఒకరు మనుష్యునితో తీసినను, ఇద్దఱును యంత్రముయొక్క సత్యమునే చూపిరి.

మనకు దగ్గఱ నిదర్శనము మన దక్షిణమున కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలరు కంపెనీవారు అచ్చట పని మొదలుపెట్టిరి. 1902లో కావేరిమీది శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి ఆ గనులకు వచ్చెను. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు మనుష్యులు దిగిరి. ఆ కూలివారిలో తమిళులతోపాటు మన తెలుగువారును ఎందఱో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. గోపురములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. మన జిల్లాలోని రామగిరి గనులదియు ఇట్టి మూతపడిన కథయే. 2018లోను, 2022లోను ఆ కోలారు పేరుతో వచ్చిన కథాచిత్రములు మీలో చాలమంది చూచియుందురు. అందు లోకమంతయు మసితో, ధూళితో, చీకటితో నిండియుండును. కథకు ఆ స్వేచ్ఛ కలదు; నేను కాదనను. కాని ఆ సినిమా చూచిన తరువాత కోలారు గోపురములను ఫోటో తీయువారును అదే మసి పూసి దిద్దినచో, అచ్చట నిజముగా పనిచేసినవారి మనుమలు తమ తాతల పనిచోటును పోల్చుకొనలేరు. ఎండ కాచిన దినములును, తుడిచి నూనె పెట్టిన యంత్రములును అచ్చట నుండెను గదా. బాధ యున్నచోట బాధను చూపుడు. శ్రద్ధ యున్నచోట శ్రద్ధను చీకటిలో దాచకుడు.

మన ప్రదర్శనమునకు మరల వచ్చెదను. ఎవరి పేరును చెప్పను. తప్పు పట్టుట నా యుద్దేశము గాదు. ఒక పటమున ఎండిన బావిగట్టుమీద ఇంజను ఉన్నది. వెనుక ఆకాశమున కారుమబ్బులు క్రమ్ముకొని వచ్చుచున్నవి. పటము మిక్కిలి రమ్యముగా నున్నది. కాని ఆ మబ్బులు మన ఆకాశమునవి గావు. ఫోనులో ఒక్క మీట నొక్కినచో ఆకాశమును మార్చు సదుపాయ మున్నది, దానినుండి వచ్చినవి. ఇతర దేశమున నైనచో ఇది చిన్న విషయమే. తనకల్లులో చిన్నది గాదు. మబ్బుకొఱకు ఎదురుచూచి కన్నులు కాయలు కాచిన చోట, చేను ఎండిన సంవత్సరపు పటమునకు మబ్బు చేర్చుట రాని వానను లెక్కలో జమ కట్టుటయే. ఏబదియేండ్ల తరువాత ఒక విద్యార్థి ఈ పటము చూచి, ఆ యేడు వాన బాగుగనే వచ్చినది, రైతు సోమరియై యింజనును విడిచినాడని వ్రాసినచో ఆ నింద ఎవరిది? నీరు పోయినందున ఇంజను ఆగినది. ఆ సత్యము ఎండిన బావిలోను, తెల్లని యాకాశములోను ఉన్నది. అవి పటమునకు కళంకములు గావు, ప్రాణములు.

మఱికొన్ని పటములలో లేని తుప్పును పూసి, లేని పొగను చేర్చి పాతదనము తెచ్చినారు. ఇవిగాక నేడు కృత్రిమమేధ యను నూతన సాధనము వచ్చినది. మాట చెప్పిన చాలును, ఎన్నడును లేని యంత్రమునకు పటము గీయును. అట్టివానిని కనిపెట్టుటకు యంత్రము తెలిసిన కన్ను కావలెను. బెల్టు కప్పికి తగులక గాలిలో పోవును; చక్రపు ఆకులు లెక్కకు సరిపడవు; పొగగొట్టము ఎచ్చటనుండియు బయలుదేఱదు. మన మేస్త్రీలు, రైతులు ఒక్క చూపులో నవ్వుదురు. వారు లేని కాలమున నవ్వువారెవరు?

కళాకారునికి స్వేచ్ఛ వలదా యని ప్రశ్న రావచ్చును. వలయును. భట్టుమూర్తి కల్పించినాడు, పెద్దన పెంచినాడు. వారి కల్పన కావ్యమని చెప్పియే చదువుచున్నాము. శాసనమును మాత్రము అట్లు చదువము. మబ్బు చేర్చిన పటమును చిత్రకల్పనమని పేరు పెట్టి గోడకు తగిలింపుడు. నేనును సంతోషముగా చూచెదను. దానినే రికార్డని బీరువాలో పెట్టవలదని మాత్రమే నా ప్రార్థన.

లెక్కలు వ్రాయువారికి ఒక మర్యాద కలదు. అంకె తప్పుపడినచో దానిని గీకి చెఱపరాదు. క్రింది అంకె చదువ వీలగునట్లు ఒక్క గీటు కొట్టి, పైన సరియైన అంకె వ్రాసి, ప్రక్కన దస్కతు చేయవలెను. పటములకును ఇదే మర్యాద పాటింపవలెనని కార్యవర్గమువారి కీ క్రింది మనవులు చేయుచున్నాను.

ఒకటి: కెమేరా తీసిన మూలపటమును మార్పులేక వేఱుగా దాచవలెను, దిద్దినది దాని ప్రతిగా నుండవలెను.

రెండు: ఒక రిజిష్టరు పెట్టి, తీసిన తేది, ఊరు, యంత్రపు పేరు, కంపెనీ, నంబరు, అది చేసిన పని, ఆగిన కారణము, ఫోటోలో చేసిన దిద్దుబాట్లు వ్రాయవలెను.

మూడు: యంత్రమును నడిపినవారి మాట, వారి యనుమతితో, ఆ పద్దు క్రిందనే వ్రాయవలెను. బెల్టు ఎట్లు వేసిరి, చలికాలమున ఇంజను ఎట్లు లేపిరి, ఏ యేట బావి యెండినది, ఇవి పటమున రావు.

నాలుగు: కంప్యూటరులో నున్నదియే చాలునని యుండక, మంచి కాగితముమీద రెండేసి ప్రతులు వేయించి, ఒకటి ఇచ్చట, ఒకటి మఱొక సురక్షితమైన చోట ఉంచవలెను.

ఐదు: ప్రదర్శనమున మూలమును, దిద్దినదానిని ప్రక్కప్రక్కన పెట్టవలెను. దిద్దినవాని నేర్పు అప్పుడే లోకమునకు తెలియును. మంచి వ్యాఖ్యాత మూలశ్లోకమును దాచడు గదా.

యువకులారా, మీరు ఎండలో తిరిగి, ముళ్లకంపలు తొలగించి, పాడుబడిన బావులలోనికి దిగి ఈ పటములు తెచ్చినారు. మీ శ్రమను తక్కువ చేయుటకు ఈ మాటలు చెప్పలేదు. అది చిరకాలము నిలువవలెననియే చెప్పినాను. పుస్తకములు లేనినాడు ఈ గదిలో నాలుగు పత్రికలతో ఈ గ్రంథాలయము మొదలైనదని పెద్దలు చెప్పుదురు. నేడు ఊరి జ్ఞాపకమును కూడ దాచు స్థితికి వచ్చినది. ఇచ్చట దాచినది సత్యమని నమ్మకము కలిగినంత కాలమే గ్రంథాలయమునకు గౌరవము. ఆ నమ్మకమును మీ చేతులలో పెట్టుచున్నాము.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుగాక. సకాలమున వానలు కురిసి, ఇక తీయు పటములలో మన యాకాశమునందే మబ్బులు దొరకుగాక.